74 లీటర్లా, 92 లీటర్లా?

తార్నాక నుంచి సముద్రానికి దగ్గరి దారి అంటే సూర్యలంక బీచ్. అది కూడా సుమారు మూడు వందల కిలోమీటర్లు. మా విశాఖ అయితే ఆరు వందలు దాటుతుంది. అలాంటి చోట, యూనివర్సిటీ హాస్టల్ గదిలో కూర్చుని, అలల మీద నడిపే విండ్‌సర్ఫింగ్ బోర్డు ఏది కొనాలా అని నేను లెక్కలు వేస్తుంటే మా వింగ్‌లో అందరూ నవ్వారు. నవ్వని మనిషి ఒక్కడే, మా నాన్న. ఫోన్‌లో విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు: "సముద్రం మీదకి ఎల్లకుండా ఉండాలనే కదరా నిన్ను అక్కడ సదివిస్తన్నది?"

మాది వేట మీద బతికే ఇల్లు. తాత తెప్ప మీద వెళ్ళేవాడు, నాన్న ఇంజన్ పెట్టిన ఫైబర్ పడవ మీద వెళ్తాడు. నేను ఫ్లూయిడ్ మెకానిక్స్ చదువుతున్నాను. కాబట్టి బోర్డు ఎంచుకోవడం నాకు రెండు పరీక్షలైంది: ఒకటి నీళ్ళ మీద, ఒకటి ఇంట్లో.

తెలియని వాళ్ళకి ముందు ఆట సంగతి చెప్తాను. బోర్డు మీద నిలబడి, తెరచాపని చేతుల్తో పట్టుకుని, గాలితో వెళ్ళడమే విండ్‌సర్ఫింగ్. చుక్కాని ఉండదు, తెరచాపని ముందుకీ వెనక్కీ వాల్చి దిశ మార్చుకోవాలి. అందుకు కావాల్సిందల్లా కొయ్య కింద ఎటైనా వంగే ఒక యూనివర్సల్ జాయింట్. ఆ జాయింట్ ఉన్న బోర్డుకి 1968లో పేటెంట్ దరఖాస్తు పెట్టిన ఇద్దరు కాలిఫోర్నియా వాళ్ళలో ఒకరైన జిమ్ డ్రేక్ ఏరోనాటికల్ ఇంజనీర్. 1984లో ఈ ఆట ఒలింపిక్స్‌కి చేరింది. 2023లో హాంగ్‌జౌలో జరిగిన ఆసియా క్రీడల్లో మన దేశానికి ఇబాద్ అలీ ఇందులో కాంస్యం తెచ్చాడు.

అయితే ఆయన నడిపిన ఆర్‌ఎస్:ఎక్స్ రకం బోర్డు రేసులది. 2.86 మీటర్ల పొడవు, 93 సెంటీమీటర్ల వెడల్పు. మంచం లాంటిది. వారాంతాల్లో హుస్సేన్‌సాగర్‌లో నేను నేర్చుకున్నదీ అలాంటి పెద్ద బోర్డు మీదే. దాన్ని విశాఖ కెరటాల్లోకి తీసుకెళ్తే ఒడ్డున విరిగే మొదటి అల దాన్నీ మననీ కలిపి తిప్పి కొడుతుంది. అలలకి వాడే బోర్డు పొట్టిగా, సన్నగా, ముక్కు పైకి లేచి ఉంటుంది. అలలోంచి దూరి బయటికి పోవాలి, వచ్చేటప్పుడు అల మొహం మీద మలుపు తిరగాలి. ఈ రెండు పనులూ చేయాలంటే కొంత తేలడాన్ని వదులుకోవాలి. ఎంత వదులుకోవచ్చు అన్నదే అసలు ప్రశ్న.

గల్ఫ్‌లో ఉద్యోగం చేసి తిరిగొచ్చిన ఒక అంకుల్ తార్నాకలో ఉంటారు. అక్కడ సరదాగా కొనుక్కున్న రెండు వేవ్ బోర్డులు వాళ్ళ మేడ మీద గదిలో ఏళ్ళుగా పడున్నాయి. ఒకటి 74 లీటర్లు, ఇంకోటి 92 లీటర్లు. "రెండూ తీసుకెళ్ళి చూసుకో బాబూ, నచ్చింది ఉంచుకుని రెండోది తెచ్చి ఇచ్చెయ్" అన్నారు. నేనూ మా రూమ్మేటూ వాటిని నెత్తిన పెట్టుకుని క్యాంపస్ దాకా నడిచాం. దారిలో ఒకాయన తలుపులా అని అడిగాడు. ఇంకొకాయన ఇస్త్రీ బల్ల ఎంతకిచ్చారన్నాడు.

లీటర్లంటే బోర్డు ఘనపరిమాణం. ఆర్కిమెడిస్ లెక్క: బోర్డు మొత్తం మునిగితే మంచినీళ్ళలో లీటరుకి ఒక కిలో మోస్తుంది, సముద్రపు నీళ్ళలో సుమారు 1.025 కిలోలు. నా బరువు 62. తెరచాప, కొయ్య, బూమ్ కలిపి 8. చిన్న బోర్డు బరువు 7. మొత్తం 77 కిలోలు. 74 లీటర్ల బోర్డు సముద్రంలో మోసేది 76 కిలోల లోపే. అంటే కదలకుండా నిలబడితే అది నీళ్ళ కిందికి వెళ్ళిపోతుంది. హుస్సేన్‌సాగర్‌లో అయితే 3 కిలోలు తక్కువ. ఇలాంటి బోర్డు గాలి ఉండి, వేగంగా పోతున్నప్పుడే పైన ఉంటుంది. పడితే మళ్ళీ ఎక్కడానికి నీళ్ళలో వెల్లకిలా తేలుతూ, తెరచాపని గాలికి పట్టి, అది లాగితే పైకి లేవాలి. 92 లీటర్లదైతే 16 కిలోలకి పైగా మిగులు ఉంటుంది. దాని మీద ఆగి, తాడు పట్టుకుని తెరచాపని నీళ్ళలోంచి లాగొచ్చు.

లీటర్లు చూసి మాత్రమే కొంటే ఎత్తు చూసి చొక్కా కొన్నట్టే. బోర్డుని బల్ల మీద బోర్లించి, పక్క నుంచి చూస్తే అడుగు గీత వంపు కనిపిస్తుంది. దాన్ని రాకర్ అంటారు. వెనక సగం తిన్నగా ఉంటే తొందరగా వేగం అందుకుంటుంది, వంపు ఎక్కువుంటే వేగం తగ్గి మలుపు తేలికవుతుంది. చిన్నదాని వంపు ఎక్కువ, దాని కింద మూడు చిన్న ఫిన్‌లు. పెద్దదాని వెనక భాగం దాదాపు తిన్నగా ఉంది, కింద ఒకటే పెద్ద ఫిన్. ఒంటి ఫిన్ గాలికి ఎదురు దిశలో పైకి పోవడానికి సాయం చేస్తుంది, చిన్న ఫిన్‌లు అల మీద మలుపులో పట్టునిస్తాయి.

పాతవి కాబట్టి ఆరోగ్యం కూడా చూడాలి. లోపల తెల్లటి నురుగు దిమ్మ, పైన గ్లాసు, కార్బన్ గుడ్డల పొరలు, ఎపాక్సీ. పాదాలు ఆనే చోట మడమతో నొక్కితే మెత్తగా దిగకూడదు. వేలి కణుపులతో తడుతూ పోతే అంతా ఒకే మోత రావాలి. చిన్నది గట్టిగా మోగింది. పెద్దదాని ముక్కు దగ్గర మోత మందంగా వచ్చింది, అక్కడ వెంట్రుకంత పగులుంది. తార్నాకలో పాత పేపర్లు కొనే కొట్టుకి తీసుకెళ్ళి కాటా మీద పెట్టాం. 8.6 కిలోలు. తయారీదారు రాసింది 7.5. మిగతా కిలో పైచిలుకు నీళ్ళే.

ఇక్కడే నాకు తాత గుర్తొచ్చాడు. తెప్ప అంటే తేలిక చెక్క దుంగల్ని తాళ్ళతో కట్టిన పడవ. నీళ్ళు దుంగల మధ్య నుంచి పైకొచ్చి కిందికి పోతాయి కాబట్టి అల పడినా మునగదు. కానీ దుంగలు నీళ్ళు పీల్చుకుంటాయి. అందుకే ఒడ్డుకి రాగానే కట్లు విప్పి ఆరబెట్టేవాళ్ళు. మన తెప్పకి వైద్యం ఏదో నురుగు బోర్డుకీ అదే. గాలి బిరడా విప్పి, పగులు కొంచెం పెద్దది చేసి, ముక్కు కిందికి ఉండేలా హాస్టల్ మెట్ల కింద నీడలో నిలబెట్టాం. మే ఎండలో పెడితే ఆ వేడికి నురుగు దెబ్బతిని పై పొర లేచిపోతుంది. ప్రతి ఆదివారం కాటా: 8.6, 8.2, 7.9, 7.8, మళ్ళీ 7.8. కొట్టతను మమ్మల్ని చూడగానే తూకం రాళ్ళు తీసి పక్కన పెట్టేవాడు. అంకెలు కదలడం ఆగాక గ్లాసు గుడ్డ, ఎపాక్సీ వేసి పగులు మూసేశాం.

పరీక్షలయ్యాక రెండింటినీ సికింద్రాబాద్ స్టేషన్‌లో పార్సిల్ చేసి ఇంటికెళ్ళాను. జూన్ మొదటి వారం. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకి వేట నిషేధం. నాన్న ఇంట్లోనే ఉన్నాడు. నేను అనుకున్నట్టు తిట్టలేదు. బోర్డుల్ని ఒక్కొక్కటిగా భుజం మీదకెత్తాడు, తట్టాడు, అతుకు మీద వేలు రాశాడు. "ఆరబెట్టినావా?" అన్నాడు. ఆ తర్వాత లీటర్లు అడగలేదు, రాకర్ అడగలేదు. "గాలి పడిపోనాదనుకో. ఒడ్డుకి ఎలాగొస్తావు?"

నా దగ్గరున్న పరీక్షల పట్టికలో ఆ ప్రశ్న లేదు. బయటికి పోవడం, అల మీద మలుపు, గాలికి ఎదురు పోవడం, ఇవే రాసుకున్నాను. నాన్న ప్రశ్నని పట్టికలో మొదటి వరసలో రాశాను.

విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి వాలి ఉంటుంది. కాబట్టి నైరుతి గాలి దాదాపు ఒడ్డు వెంబడే తోలుతుంది. మాకు కావాల్సిందదే: ఒడ్డు నుంచి సముద్రంలోకి తోలే గాలైతే మనిషిని లోపలికి తీసుకుపోతుంది, ఎదురుగా ఒడ్డు మీదకి తోలేదైతే అలలు దాటనివ్వదు. నాలుగు సాయంత్రాలు చూశాం. ఒకే తెరచాప, అరగంటకోసారి బోర్డు మార్పు, ఒడ్డున నా తమ్ముడి చేతిలో నోట్‌బుక్, నా ఒంటి మీద లైఫ్ జాకెట్. కెరటాలు గుంపులుగా వస్తాయి, గుంపుకీ గుంపుకీ మధ్య కాస్త ఖాళీ ఉంటుంది. నేను తొందరపడబోతే నాన్న చెయ్యి అడ్డం పెట్టేవాడు. లెక్కపెట్టుకుని, "ఇప్పుడెల్లు" అనేవాడు.

నోట్‌బుక్‌లో ఉన్నదిది. బయటికి దాటడానికి ఒక్కో బోర్డు మీద 10 ప్రయత్నాలు: చిన్నది 4, పెద్దది 7. నురగ వచ్చినప్పుడు పెద్దదాని ముక్కు ఎగిరిపడుతుంది, చిన్నది కత్తిలా దూరుతుంది. కానీ చిన్నదాని మీద గాలి ఒక్క క్షణం తగ్గితే చాలు, కాళ్ళ కింద నుంచి మునిగిపోతుంది, తర్వాతి అల నెత్తిన పడుతుంది. అల మీద మలుపులో మాత్రం పోలికే లేదు. మడమ కొంచెం బరువేస్తే చిన్నది తిరిగిపోయింది. పెద్దదాన్ని ముందే చెప్పి, బతిమాలి తిప్పాలి. ఆ చిన్న బోర్డు మీద దక్కిన మూడు మలుపులూ ఇప్పటికీ నా కాళ్ళకి గుర్తున్నాయి.

చివరి సాయంత్రం నాన్న ప్రశ్న. అలలు విరిగే చోటు దాటి, తెరచాప నీళ్ళలో పడేసి, గాలి లేనట్టే ఒడ్డుకి రావాలి. నాన్న తెలిసిన వాళ్ళ తెడ్డు తెప్ప ఒకటి తీసుకుని నా వెనకే ఉన్నాడు. చిన్నదాని మీద నిలబడితే మడమలు మునిగాయి, తెరచాప లాగబోతే పక్కకి పడ్డాను. బోర్డు మీద బోర్లా పడుకుని చేతుల్తో తోసుకుంటూ రావడానికి 14 నిమిషాలు పట్టింది, భుజాలు పోయాయి. పెద్దదాని మీద లేచి నిలబడ్డాను, తెరచాప లాగాను, ఉన్న కొద్దిపాటి గాలితో 5 నిమిషాల్లో ఇసక తగిలింది.

92 ఉంచుకున్నాను. ఇప్పుడు దాని ఒంటి ఫిన్ తీసి కాస్త చిన్నది వేసి చూడాలి, మలుపు కొంచెం మెరుగవుతుందేమో. 74ని తార్నాకకి తిరిగి తెచ్చి అంకుల్‌కి అప్పగించాను. మీలో ఎవరైనా ఎప్పుడైనా బోర్డు చూడబోతే, వీడియోల్లో ఛాంపియన్లు ఎన్ని లీటర్లది వాడుతున్నారో ముందు చూడకండి. వాళ్ళ సముద్రం వేరు, వాళ్ళని వెనక్కి తెచ్చే జెట్ స్కీ వేరు. మీ బరువు రాసుకోండి, మీ నీళ్ళు ఉప్పవా తియ్యవా రాసుకోండి, గాలి పడిపోతే ఏం చేస్తారో రాసుకోండి. మిగతా లెక్క ఆర్కిమెడిస్ చేసి పెడతాడు.

నాన్న సరే అన్నాడా అని హాస్టల్లో అడుగుతున్నారు. ఆ మాట అనలేదు. బోర్డు మంచినీళ్ళతో కడిగి, మా ఇంటి పక్కన తాత తెప్ప దుంగలు ఆరబెట్టే చోటే బోర్లించి పెట్టాడు. జూన్ 15న వేటకెళ్ళిపోయాడు. మొన్న ఫోన్ చేసి, సెమిస్టర్ మార్కులు అడిగాక, "ఆ ముక్కు కాడ ఇంకో పొర ఎయ్యాల్రా, దసరాకొచ్చినప్పుడు ఆ మందు పట్రా" అన్నాడు.