బెంగళూరులో విస్కీ కాచే చోటుకి పోయి వచ్చాం

ఈసారి మేము రాసేది గుడి గురించి కాదు, పెళ్లి సంబంధాల గురించీ కాదు. విస్కీ గురించి. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదవండి.

మా ఇంటావిడ తమ్ముడి కొడుకు బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగంలో ఉన్నాడు. వాళ్ల నాన్న సంగతి మీలో చాలామందికి తెలుసు. తాగి తాగి లివర్ చెడి, నలభై రెండేళ్లకే పోయాడు. పిల్లవాడు అప్పుడు తొమ్మిదో తరగతి. తర్వాత తిరుచ్చులిలో మా ఇంట్లోనే పెరిగాడు. మాకు కొడుకులాంటి వాడు.

పోయిన నెల వాణ్ణి చూడటానికి వెళ్లాం. విరుదునగర్‌లో సాయంత్రం తూత్తుకుడి–మైసూరు ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి బెంగళూరు. వాడింట్లో వంటగది సర్దుతూ మా ఇంటావిడ పై అరలో చెయ్యి పెట్టింది. రెండు సీసాలు. ఆ రాత్రి మాకిద్దరికీ నిద్ర లేదు. ఏం అడగాలి, ఎలా అడగాలి? ఉద్యోగం చేసేవాడు, ముప్పై దాటినవాడు.

పొద్దున వాడే ఎత్తాడు మాట. "అత్తా, నువ్వు చూశావని తెలుసు. ఈ శనివారం దాన్ని చేసే చోటుకి తీసుకెళ్తా. చూసొచ్చాక ఎంత తిట్టాలో అంత తిట్టు."

అలా పోయాం. అది అమృత్ డిస్టిలరీ. మైసూరు రోడ్డులో కెంగేరి దాటాక కంబిపురలో ఉంది. మేము వచ్చిన రైలు ఆ దారినే మైసూరు పోతుంది. కంపెనీ 1948లో మొదలైంది. మొదట్లో అందరిలాగే మామూలు రమ్ము, బ్రాందీ రకాలు చేసేవాళ్లు. ఉత్త బార్లీ మాల్ట్‌తో ఒకే డిస్టిలరీలో చేసిన విస్కీని సింగిల్ మాల్ట్ అంటారట. ఆ సరుకుని వీళ్లు 2004లో మొదట అమ్మకానికి పెట్టింది మన దేశంలో కాదు, స్కాట్లాండ్‌లో గ్లాస్గో ఊళ్లో. విస్కీ పుట్టింటికే విస్కీ పట్టుకుపోయారు! 2010లో జిమ్ మర్రే అనే ఆయన తన విస్కీ పుస్తకంలో వీళ్ల 'ఫ్యూజన్' అనే రకానికి నూటికి 97 మార్కులు వేసి, లోకంలో మూడోదన్నాడు. మేనల్లుడు దారిపొడుగునా ఇవన్నీ చెప్తూనే ఉన్నాడు. మా ఇంటావిడ కిటికీలోంచి బయటికే చూస్తూ ఉంది.

చూపించడానికి ఒక అమ్మాయి వచ్చింది. ఆ పిల్ల ఇంగ్లీషులో చెప్తే మేనల్లుడు మాకు తెలుగులో చెప్పాడు. ముడిసరుకు బార్లీ. మనకి బార్లీ అంటే జ్వరం వచ్చినప్పుడు కాచే గంజి. దాన్ని తడిపి మొలకెత్తించి, ఆరబెట్టి, పిండి కొట్టి, వేడినీళ్లలో కలుపుతారు. తియ్యటి నీళ్లు దిగుతాయి. దానికి ఈస్ట్ వేసి పెద్ద తొట్లలో పులియబెడతారు.

ఆ తొట్ల గదిలోకి అడుగుపెట్టగానే ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. అది మన ఊరి వాసన. తాటిచెట్టు మీద పదనీరు కుండ లోపల సున్నం పూయకపోతే మధ్యాహ్నానికి వచ్చే వాసన. సున్నం ఉంటే పులియదు, పదనీరుగానే ఉంటుంది, కాస్తే కరుపట్టి. సున్నం లేకపోతే కల్లు. అంతే తేడా. మా చిన్నతనంలో తెల్లవారుజామున తాటాకు దొన్నెలో పదనీరు పోసేవాళ్లు. 1981లో ఎం.జి.ఆర్. కాలంలో కల్లు కొట్లు తెరిచారు. 1987 నుంచి మూతపడ్డాయి. నిషేధం ఇప్పటికీ ఉంది. ఆ వాసన పీల్చి ఇన్నేళ్లయింది. మైసూరు రోడ్డులో తగులుతుందని ఎవరనుకున్నారు!

తర్వాత రాగి బట్టీలు. పెళ్లివంటల అండాని పెద్దది చేసి, మూతికి కొంగమెడ తగిలించినట్టుంటాయి. పులిసిన నీళ్లని వాటిలో రెండుసార్లు కాచి ఆవిరి పడతారు. మొదట దిగేది పట్టరు, చివర దిగేదీ పట్టరు, నడుమ భాగమే తీసుకుంటారు. అప్పటిదాకా నోరు విప్పని మా ఇంటావిడ అక్కడ అడిగింది: "మొదట వచ్చేది ఎందుకు తీసేస్తారు?" దాంట్లో చెడ్డ పదార్థాలుంటాయని ఆ అమ్మాయి చెప్పింది. "అయితే తీసెయ్యాలని వీళ్లకి తెలుసు" అని ఊరుకుంది. ఎవరిని తలుచుకుని అందో మాకు తెలుసు.

మాకు అన్నిటికన్నా మనసుకి పట్టింది పీపాల గోదాము. ఓక్ చెక్క పీపాలు వరసగా పేర్చి ఉన్నాయి. చాలా పీపాలు అమెరికా నుంచి వస్తాయట. అక్కడ బర్బన్ అనే విస్కీకి కొత్త పీపానే వాడాలని చట్టం, అందుకని ఒకసారి వాడినవి బయటికి అమ్మేస్తారు. బట్టీలోంచి నీళ్లలా తెల్లగా దిగిన సరుకు ఈ చెక్కలో ఏళ్లతరబడి కూర్చుని రంగు, వాసన తెచ్చుకుంటుంది. కూర్చున్నంతకాలం చెక్కలోంచి కొంచెం కొంచెం ఆవిరైపోతూ ఉంటుంది. స్కాట్లాండ్ చలిలో ఏడాదికి నూటికి 2 వంతులు పోతుంది. బెంగళూరు వేడికి 10 నుంచి 12. పోయినదాన్ని 'దేవతల వాటా' అంటారట.

గూడ్స్ క్లర్కు బుద్ధి ఎక్కడికి పోతుంది! అక్కడే రైలు టికెట్టు వెనక లెక్క వేశాం. 200 లీటర్ల పీపా, ఏడాదికి 10 శాతం చొప్పున ఐదేళ్లకి మిగిలేది 118 లీటర్లు. స్కాట్లాండ్‌లో అయితే 181 మిగులుతుంది. మా గూడ్స్ షెడ్డులో మిరపకాయల బస్తా రెండు కిలోలు తక్కువొస్తే షార్ట్ సర్టిఫికెట్ రాయాలి, క్లెయిమ్ వస్తుంది, పైనుంచి వివరణ అడుగుతూ కాగితం వస్తుంది. ఎండకి ఆరిందండీ అంటే ఎవడు నమ్ముతాడు? ఇక్కడ 82 లీటర్లు గాల్లో కలిసిపోతే దేవతలు తాగారని రాసుకుంటున్నారు! 2013లో ఎనిమిదేళ్లు ఉంచిన సరుకు ఒకటి తెచ్చి, దానికి 'గ్రీడీ ఏంజెల్స్' అని పేరే పెట్టారు, అంటే అత్యాశ దేవతలని. నవ్వాం. కానీ ఒకటి ఒప్పుకోవాలి. ఏ పీపాలో ఎంత పోసింది, ఎప్పుడు పోసింది, ఎంత తగ్గింది, అన్నిటికీ లెక్క ఉంది వాళ్ల దగ్గర.

చివర రుచి చూసే గది. మూడు చిన్న గ్లాసులు పెట్టారు. మేము వద్దన్నాం. మేనల్లుడు ఒకటి తీసుకుని, వాసన చూసి, రెండు చుక్కలు నీళ్లు కలిపి, మెల్లగా చప్పరించాడు. అప్పుడన్నాడు: "అత్తా, నాన్న తాగింది ఇది కాదు. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం చెరకు మడ్డి సారాకి రంగూ వాసనా కలిపింది. యూరప్‌లో దాన్ని విస్కీ అని అమ్మనివ్వరు. నాన్న దాన్ని గ్లాసులో పోసుకుని ఒక్క గుక్కలో మింగేవాడు. మొహం వికారంగా పెట్టేవాడు. అంత చేదుగా ఉన్నదాన్ని ఎందుకు తాగుతాడో నాకు అర్థమయ్యేది కాదు. అది తెలుసుకోవాలనే మొదలుపెట్టాను."

మా ఇంటావిడ అడిగింది: "దాంట్లో సారా ఎంత ఉంటుంది?"

"మామూలు సీసాలో 42.8 శాతం."

"దీంట్లో?"

"46."

"ఎక్కువే కదా. లివర్‌కి బార్లీ ఏదో చెరకు ఏదో తెలుస్తుందా?"

వాడు జవాబు చెప్పలేదు. ఆవిడ గ్లాసు అందుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. కాసేపు అలాగే ఉంది. "వాసన బాగుంది. అందుకే భయం" అని కింద పెట్టేసింది.

ఇక్కడ మేము ఒకటి రాయకపోతే మిగతాదంతా అబద్ధమవుతుంది. వాళ్ల నాన్నని మేము ఆపలేదు. చాలాసార్లు మేమే డబ్బిచ్చాం. ఇంటికి చుట్టాలు వచ్చినరోజు గొడవ చేస్తాడని ఇచ్చాం. మా పెద్దమ్మాయి నిశ్చితార్థం రోజు పొద్దున్నే చేతిలో పెట్టి, సాయంత్రందాకా ఇటు రావద్దన్నాం. వాడు నిజంగానే రాలేదు. మేనమామ తాంబూలం ఇంకెవరో అందుకున్నారు. ఎన్నిసార్లు ఇచ్చాం, ఎంత ఇచ్చాం? ముప్పై ఆరేళ్లు సర్కారు మిరపకాయలకి లెక్క రాసిన మేము, దానికి ఒక్క గీత కూడా గీసుకోలేదు.

వచ్చేటప్పుడు కారులో ఎవరమూ పెద్దగా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక మా ఇంటావిడ పై అరలోంచి ఆ రెండు సీసాలూ తీసింది. పారబోస్తుందనే అనుకున్నాం. వాడూ అలాగే అనుకుని తలుపు దగ్గరే నిలబడిపోయాడు. ఆవిడ మా జేబులోంచి పెన్ను తీసుకుని, సరుకు ఎంతవరకు ఉందో అక్కడ సీసా కాగితం మీద గీత గీసింది. రెండిటికీ. "ఆదివారం ఆదివారం వీడియోలో నాకు చూపించాలి. గాజు సీసాలో దేవతలకి వాటా ఉండదు కదా?" అంది. వాడు నవ్వి సరేనన్నాడు. కళ్లు మాత్రం తుడుచుకున్నాడు.

ఇప్పటికి మూడు ఆదివారాలు అయ్యాయి. మొదటివారం గీత మీదే ఉంది. రెండోవారం కూడా అంతే. మొన్న ఒక సీసాలో గీతకి ఒక వేలు కిందికి దిగింది. వాడే ముందు దాన్నే కెమెరా ముందు పెట్టాడు, దాచలేదు. స్నేహితుడి పుట్టినరోజట. ఆవిడ ఏమీ అనలేదు. తిన్నావా, వర్షం పడుతోందా అని అడిగి ఫోను పెట్టేసింది. తర్వాత గోడ మీది క్యాలెండరు దించి, ఆ తేదీ వెనక 'ఒక వేలు' అని రాసి, మళ్లీ మేకుకి తగిలించింది.