తాళం చెవి ఎవరి చేతిలో?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు, అక్కడి ఒక చిన్న డి.టి.పి. కేంద్రంలో బల్ల కింద ఉన్న కంప్యూటరు రోజుల తరబడి నీటిలో నానింది. ఇరవై ఏళ్ళుగా కూర్చిన శుభలేఖలు, కరపత్రాలు, అచ్చుకు సిద్ధమైన ఒక విశ్రాంత ఉపాధ్యాయుని పద్యసంపుటి అన్నీ అందులోనే ఉన్నాయి. యజమాని యంత్రాన్ని విప్పి ఎండబెట్టాడు. ఒక్క అక్షరమూ దక్కలేదు.

“క్లౌడ్‌లో దాచి ఉంటే ఈ గతి పట్టేది కాదు నాన్నా!” అన్నాడు కుమారుడు.

తండ్రి కాదనలేకపోయాడు. ఆయనది పాత అలవాటు. ఒకసారి కొన్న సాఫ్ట్‌వేరును యంత్రంలోకి ఎక్కించుకుంటే, ఇంటర్నెట్ ఉన్నా లేకున్నా పని సాగేది. ఆయన నమ్ముకున్న పేజ్‌మేకర్‌కు 2001లో వచ్చిన ఏడవ రూపమే చివరిది. దానిని విడుదల చేసిన అడోబీ సంస్థ 2013 నుండి తన ప్రధాన సాఫ్ట్‌వేర్ల కొత్త రూపాలను చందా పద్ధతిపైనే ఇస్తున్నది. క్లౌడ్ అంటే ఆకాశంలోని మేఘం కాదు. ఎక్కడో ఒక భవనంలో అహోరాత్రాలు పనిచేసే పరుల కంప్యూటర్లు. మన వీధిలోని వరద వాటిని తాకదు. కుమారుని మాట మీద ఆయన కొత్త పద్ధతికి మారాడు.

2025 జూలైలో ఒక వార్త ఆయనను కలవరపెట్టింది. ఐరోపా సమాఖ్య ఆంక్షల దరిమిలా, గుజరాత్‌లో చమురుశుద్ధి కర్మాగారం నడిపే నయారా ఎనర్జీకి మైక్రోసాఫ్ట్ తన సేవలను నిలిపివేసింది. పూర్తి సొమ్ము చెల్లించినా తమ సమాచారమే తమకు అందకుండా పోయిందంటూ ఆ సంస్థ ఢిల్లీ హైకోర్టును ఆశ్రయించింది. కొద్ది రోజులకే సేవలు తిరిగి వచ్చాయి. అంతటి సంస్థకు న్యాయస్థానం అందుబాటులో ఉన్నది. వీధి చివరి దుకాణానికి ఎవరు దిక్కు?

ఆయన క్లౌడ్‌ను విడిచిపెట్టలేదు. కాని ప్రతి శనివారం సాయంత్రం వారం పనినంతా ఒక హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, గుడ్డలో చుట్టి అటకపై పెడతాడు.

ఈ జాగ్రత్త ఆయనకు నేర్పింది ఆ ఉపాధ్యాయుడే. వరద తీసిన తరువాత, పద్యాలు పోయాయని చెప్పడానికి నోరు రాక ఆయన తలవంచుకుని నిలబడితే, వృద్ధుడు సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి బల్లపై ఉంచాడు.

“మొదటి ప్రతి నా దగ్గరే ఉంచుకున్నాను నాయనా. మళ్ళీ మొదలుపెట్టు.”