టైగరు మళ్ళీ నడిచిన విధము

2021 డిసెంబరు మాసములో ఒక ఉదయము మా పొలము కౌలుకు చేసే రైతు వచ్చి గుమ్మము దగ్గర నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు.

"డాక్టరుగారూ, టైగరుకి వెనకకాళ్ళు పడిపోయినయ్యండి. రెండు రోజుల్నించి ఈడ్చుకుంటా తిరుగుతుంది. చూడలేకపోతున్నా. మీ దగ్గిర సూది ఏదన్నా ఉంటే వేసి పుణ్యం కట్టుకోండి" అన్నాడు.

అది ఏ సూదియో నేను అడుగలేదు, అతడు చెప్పలేదు. టైగరు ఆరేళ్ళ నాటు కుక్క. మిరప కళ్ళములో కాయలు ఆరబోసిన రోజుల్లో రాత్రంతా మేలుకొని కాపలా కాసేది. కళ్ళము కాపలాకు మనిషిని పెట్టుకొనే స్థోమత లేని ఇంట్లో అది పెంపుడు జంతువు మాత్రమే కాదు.

పర్చూరుకూ చిలకలూరిపేటకూ నడుమ మా గ్రామము. ఆ ఏడు మా ప్రాంతమంతటా మిరప తోటలకు కొత్త రకము తామరపురుగు పట్టింది. పూలలో చేరి పూత రాల్చే ఆ నల్ల పురుగుకు ఏ మందూ పనిచేయలేదు. పని చేయని కొద్దీ రైతులు మందు మార్చి మార్చి కొట్టారు. ఈ రైతు కూడా అంతే. మందు కలిపిన బాల్చీలో కుక్క మూతి పెట్టి ఉంటుందనీ, తన మందే దాని కాళ్ళు తీసిందనీ అతని నమ్మకము. నిలబడలేని కుక్కకంటె ఆ ఊహే అతనిని ఎక్కువ బాధిస్తున్నట్లు నాకు తోచింది.

నిజము చెప్పాలంటే నేనూ అట్లే అనుకొన్నాను. 1987-88 లో ప్రకాశము, గుంటూరు జిల్లాల పత్తి రైతులు తమ చేలకు కొనుక్కొన్న పురుగుమందులే త్రాగి ప్రాణాలు తీసుకొన్న రోజుల్లో నేను అత్యవసర విభాగములో పనిచేస్తున్నాను. అట్రోపిన్ సూదులు లెక్కపెట్టకుండా వేసిన రాత్రులవి. బ్రతికి బయటపడినవారిలో ఎవరికైనా రెండు మూడు వారాల తరువాత పాదాలు తిమ్మిరెక్కి, కాళ్ళు బలహీనపడవచ్చును. కొన్ని సేంద్రియ భాస్వర రసాయనాలు పొడవైన నాడులను ఆలస్యముగా దెబ్బతీయడము దీనికి కారణము. 1930 లో అమెరికాలో మద్యనిషేధము అమలులో ఉన్నప్పుడు, సారాయి కలిసిన అల్లపు కషాయములో ఇట్టి రసాయనమొకటి కల్తీ చేయగా అది త్రాగిన వేలమందికి కాళ్ళు చచ్చుబడ్డాయి. ఇవన్నీ తలలో ఉన్నవాడు రోగిని చూడకముందే రోగమును నిర్ణయించడము సులభము. నేను ఆ సులభమైన పనే చేశాను.

ఇంకొక తప్పు కూడా చేశాను. వెళ్ళి చూడగా కుక్క మూలుగుతున్నది. నొప్పికి మనుషులు వాడే ఐబుప్రొఫెన్ బిళ్ళను సగము విరిచి పెరుగన్నములో పెట్టించాను. నలభై ఏళ్ళ వైద్యుడిని కదా! మరునాడు దానికి తారువలె నల్లని విరేచనము అయినది. ఐబుప్రొఫెన్, పారసెటమాల్ వంటి మన ఇంటి మాత్రలు కుక్క శరీరము మనవలె జీర్ణించుకొనలేదు. జీర్ణాశయములో పుండ్లు పడతాయి, మూత్రపిండాలో కాలేయమో దెబ్బతినవచ్చును. మా మండల పశువైద్యుడు, గన్నవరము పశువైద్య కళాశాలలో చదివిన యువకుడు, సంగతి విని ఒక్క క్షణము ఊరకున్నాడు. "సార్, ఇకమీదట నన్ను అడగకుండా ఏమీ ఇవ్వకండి" అన్నాడు. ఆ మాట అనేటప్పుడు అతని గొంతులో ఉన్న మర్యాదకు నాకు మరీ సిగ్గు కలిగినది.

అతడు మొట్టమొదట అడిగినది రేబిస్ టీకా సంగతి. వెనుక కాళ్ళు పడిపోవడముతో మొదలయ్యే రేబిస్ కూడా ఉన్నది. అట్టి కుక్క కరవకపోయినా, దాని లాలాజలము మన చేతి గీతలకు తగిలితే ప్రమాదమే. టైగరుకు ఏటేటా టీకా పడినది. అయినను అతడు చేతొడుగులు వేసుకొనే పట్టుకొన్నాడు. ఇది చదివేవారు ఈ ఒక్క సంగతి మరువవద్దు. టీకా పడని కుక్క నడక చెడితే, ఇంటివారు సానుభూతితో నోటిలో నీళ్ళు పోయబోకూడదు. చెయ్యి తగిలి ఉంటే సబ్బుతో, ధారగా పారే నీటితో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి.

తరువాత గోమార్లు పోవడానికి పంట మందు ఏమైనా పూశారా అని అడిగాడు. పల్లెల్లో అది మామూలు. పూయలేదన్నారు. చొంగ కార్చడము, వాంతులు, కండరాలు అదరడము జరిగాయా? లేదు. అప్పుడు అతడు నేను చేయని పని చేశాడు. కుక్క వీపుమీది చర్మమును తుంటినుండి మెడవైపు, వెన్నెముకకు ఇరుప్రక్కలా వ్రేళ్ళతో కొద్దికొద్దిగా గిల్లుతూ వచ్చాడు. ఈగ వాలితే పశువు చర్మము జలదరిస్తుంది కదా, అట్లే జలదరించాలి. నడుముమీద ఏమీ లేదు. ప్రక్కటెముకల చివరకు వచ్చేసరికి చర్మము ఒక్కసారి కదిలినది. ఆ కదలిక మొదలయిన చోటికి కొంచెము ముందుగా, వెన్నుపాములో దెబ్బ ఉన్నదన్నమాట. మందు విషమైతే ఇట్లు గీత గీసినట్లు ఒకచోట ఆగదు.

"ఎక్కడినుంచైనా దూకిందా, దెబ్బ తగిలిందా?" అని అడిగితే భార్యాభర్తలు లేదన్నారు. గాదె చాటున నిలబడిన వాళ్ళ పదేళ్ళ పిల్లవాడు ఏడుపు మొదలుపెట్టాడు. పత్తి తోలిన రోజు వాడు ట్రాలీలో పత్తి మీద కూర్చొని, కుక్కను కూడా ఎక్కించుకొన్నాడట. దారిలో ఏదో చూసి అది అంత ఎత్తునుండి దూకి, కుయ్యిమని, మళ్ళీ లేచి నడిచినదట. తెల్లవారేసరికి కాళ్ళు లేవు. "నాన్న కొడతాడని చెప్పలేదు తాతగారూ" అన్నాడు.

తండ్రి వాడిని కొట్టలేదు. అరుగుమీద కూలబడి, తువ్వాలుతో మొగము తుడుచుకొన్నాడు.

వెన్నుపూసల నడుమ మెత్తగా, దిండువలె ఉండే చక్రికలు ఉంటాయి. అవి చిట్లి లోపలి పదార్థము పైకి పొంగితే వెన్నుపాము నొక్కుకుపోతుంది. పొట్టికాళ్ళ డాష్‌హండ్‌లలోను, పగ్‌లలోను ఇది దూకకుండానే వస్తుంది. నాటు కుక్కలలో తక్కువ. లాబ్రడార్‌లకు వెనుక నడక చెడితే చాలాసార్లు తప్పు తుంటి కీలులో ఉంటుంది. ముసలి జర్మన్ షెపర్డులలో నొప్పి లేకుండా నెలల తరబడి మెల్లగా కాళ్ళు జారిపోయే వెన్నుపాము క్షీణత ఒకటి ఉన్నది. కనుక వెనుక కాళ్ళు పడిపోయాయనే ఒక్క మాటకు ఒక్క మందు ఉండదు. గన్నవరము తీసుకొని వెళ్ళి ఎక్స్‌రే తీయించాము. పూసలు విరగలేదు, చక్రిక పొంగు ఎక్స్‌రేలో కనిపించదు.

అసలు పరీక్ష ఇంకొకటి. పశువైద్యుడు వెనుక కాలి వ్రేలిని పటకారుతో గట్టిగా నొక్కాడు. కాలు ముడుచుకున్నది. "కదిలింది, కదిలింది" అని ఇల్లాలు సంతోషించినది. అది వెన్నుపాము తనంతట తాను చేసే ప్రతిక్రియ మాత్రమే, మెదడుకు కబురు అందినట్లు కాదు. అతడు ఇంకొంచెము నొక్కాడు. టైగరు తల త్రిప్పి, పటకారును చూసి, గుర్రుమన్నది. అతని మొగము వికసించినది. బాధ తెలిసే కుక్కలలో ఎక్కువ భాగము తిరిగి నడుస్తాయి. ఆ బాధ కూడా తెలియకపోతే ఒకటి రెండు రోజుల్లోనే శస్త్రచికిత్స సంగతి తేల్చుకోవాలి. ఆలస్యమయ్యే కొద్దీ ఆశ తగ్గుతుంది.

సూది మాట మళ్ళీ ఎవ్వరూ ఎత్తలేదు. ప్రక్కింటి పెద్దాయన మాత్రము పుత్తూరు తీసుకువెళ్ళి కట్టు కట్టించమన్నాడు. విరిగిన ఎముక కాదు బాబాయ్, నలిగిన నాడి అని చెప్పాను.

ఇక్కడ నేను ఒక మనిషి సంగతి చెప్పాలి. నా ఉద్యోగము తొలి రోజుల్లో పత్తి బోరాలు ఎత్తుతూ లారీ మీదనుండి పడిన ఇరవై మూడేళ్ళ కుర్రవాడు మా వార్డుకు వచ్చాడు. నడుము క్రింద చలనము లేదు. మేము చేయగలిగినది చేసి ఇంటికి పంపించాము. వెళ్ళేటప్పుడు వాడి తల్లి "ఇంటికాడ నేనేం జెయ్యాలయ్యా?" అని అడిగినది. నేను బిళ్ళల చీటీ చేతిలో పెట్టాను. నాలుగు నెలలకు వాడు తిరిగి వచ్చేసరికి పిరుదులపై ఎముక కనిపించే పుండ్లు, మూత్రములో చీము. వారము రోజుల్లో పోయాడు. వాడిని చంపినది వెన్నుపాము దెబ్బ కాదు. రెండు గంటలకొకసారి ప్రక్కకు త్రిప్పాలనీ, మూత్రము ఎట్లు తీయాలనీ నేను ఆ తల్లికి చేసి చూపించలేదు. ఆ పద్ధతులు అప్పటికి కొత్తవేమీ కావు. ఇంగ్లండులోని స్టోక్ మాండవిల్‌లో లుడ్విగ్ గుట్‌మన్ 1944 నుండి వాటితోనే సైనికులను బ్రతికించాడు. మన రాయవేలూరులో, 1954 లో కారు ప్రమాదములో తన నడుము క్రింది చలనము పోగొట్టుకొన్న డాక్టరు మేరీ వర్గీస్ చక్రాల కుర్చీలో కూర్చొనే శస్త్రచికిత్సలు చేసి, 1966 నాటికి అట్టి రోగులకొక పునరావాస కేంద్రమే నెలకొల్పింది. నేను చదువుకొన్నవాడినే.

అందుచేత ఈసారి చీటీ వ్రాయలేదు. పశువైద్యుడు చెప్పినది నేనూ, రైతు భార్యా ఇద్దరమూ నేర్చుకొన్నాము. కొట్టము మూల రెండు బల్లలు అడ్డము పెట్టి, కుక్క తిరగడానికి మాత్రమే చాలేంత చోటు చేశాము. మొదటి నాలుగు వారాలు అదే దాని లోకము. చక్రిక చుట్టూ గాయము మానడానికి విశ్రాంతికి మించిన మందు లేదు. జాలిపడి బయటకు వదిలితే అది పాకి, దూకబోయి, ఉన్న కాస్త నాడినీ పోగొట్టుకొంటుంది.

మూత్రము చుక్కలు చుక్కలుగా కారుతున్నది కనుక పోస్తున్నదనే అందరూ అనుకొన్నారు. నిండిన కుండ పొర్లుతున్నదంతే. పొత్తికడుపు ఇరుప్రక్కలా అరచేతులు ఆనించి, నిదానముగా నొక్కి, రోజుకు మూడు సార్లు ఖాళీ చేయించాలి. నాకు రెండు రోజులు పట్టినది, ఆ అమ్మాయికి ఒక పూటలో వచ్చినది. పాలు పిండే చేతులు కదా.

పడకకు గోనె సంచులు కావాలంటే రైతు గుంటూరు మిర్చి యార్డు నుండి వచ్చిన ఖాళీ టిక్కీలు పరిచాడు. సంచుల నేతలో మిగిలిన కారము ఒరుసుకొన్న చర్మానికి తగిలి కుక్క అరిచిన అరుపుకు వీధి అంతా లేచినది. మేమందరము తుమ్ములు. ఆ పైన వరిగడ్డి మీద ఉతికిన పాత దుప్పటి వేసి, నాలుగు గంటలకొకసారి ప్రక్క మార్చాము. పిల్లవాడు బడినుండి వచ్చి, వెనుక కాళ్ళు రెండూ సైకిలు త్రొక్కినట్లు ఒక్కొక్కటి పదిహేను సార్లు మెల్లగా ఆడించేవాడు. వ్రేళ్ళ సందున చక్కిలిగింత పెట్టేవాడు. ఎవరూ చెప్పనక్కరలేదు.

తొమ్మిదో రోజున తోక కదిలినది. మూడో వారములో, కడుపు క్రింద పాత తువ్వాలు పోనిచ్చి రెండు కొసలూ పైకి పట్టుకొంటే, కొన్ని క్షణాలు తన కాళ్ళమీద నిలిచినది. ఆ ఉత్సాహములో మా ఇంటికి తీసుకువచ్చారు. మా వరండాలో పరచినది చీమకుర్తి నల్లరాయి, అద్దమువలె మెరుస్తుంది. కాళ్ళు రెండూ చెరొక వైపు జారి అది చతికిలబడినది. నునుపైన నేల ఉన్న ఇళ్ళలో కుక్కలకే కాదు, నా ఈడు వృద్ధులకు కూడా ఇదే కష్టము. వరండాలో కొబ్బరిపీచు పట్టాలు వేయించాను. వాటిమీద ఇప్పుడు నేనూ నడుస్తున్నాను.

ఐదో వారము నుండి అసలు నడక నేర్పాము. పట్టణాలలో నీళ్ళలో నడిపించే యంత్రాలు ఉన్నాయి. మాకు సాగరు కుడి కాలువ నీరు వచ్చే పంట కాలువ ఉన్నది. దాని కడుపు దాకా వచ్చే నీటిలో, తువ్వాలు పట్టుకొని, అయిదు నిమిషాలు. నీరు బరువు మోస్తుంది, కాళ్ళు ఆడతాయి. ప్రధాన కాలువలో దింపకూడదు, ప్రవాహము మనిషినే నిలువనీయదు. పీకిన పత్తి కట్టెలను జానెడు దూరములో వరుసగా పరచి, వాటిని దాటించాము. పాదము ఈడ్చే కుక్కకు ఎత్తి వేయడము అట్లే గుర్తుకు వస్తుంది. పాదము వెనుకకు మడిచి నడవడముచేత వ్రేళ్ళమీద పుండు పడితే, నడిచినంతసేపు పిల్లవాడి పాత మేజోడు తొడిగాము. ఇన్ని చేసినా లేవని కుక్కలు ఉంటాయి. వాటికి చక్రాల బండి కట్టి సంవత్సరాల తరబడి చక్కగా పోషించుకొంటున్నవారు ఉన్నారు.

ఏప్రిల్ నాలుగున మా ఊరు ప్రకాశము జిల్లా నుండి బాపట్ల జిల్లాకు మారినది. ఆ వారములోనే టైగరు ఎవరి ఊతమూ లేకుండా మా గుమ్మము దాకా వచ్చినది. రెండింటిలో మా వీధిలో పెద్ద వార్త ఏదో చెప్పనక్కరలేదు.

పూర్వపు నడక పూర్తిగా రాలేదు. మలుపు తిరిగేటప్పుడు నడుము కొంచెము ఊగుతుంది. ఆ తరువాతి పంటకు పత్తి తోలేటప్పుడు రైతు దానిని ట్రాలీ ఎక్కనివ్వలేదు. పిల్లవాడు కూడా ఎక్కకుండా దానితోపాటు క్రిందనే నడిచి వచ్చాడు. ట్రాక్టరు వెళ్ళిన తరువాత నల్లరేగడి బాటమీద టైరుల అచ్చుల ప్రక్కన, దాని ఎడమ వెనుక గోళ్ళు గీసిన సన్నని గీత మా ఇంటి దాకా కనిపించినది.