గాడి తప్పిన ర్యామ్

మా తెలుగు బడిలో కంప్యూటర్ల పని చూసేది మేము ముగ్గురం. ముగ్గురికీ ఇంజనీరింగు డిగ్రీలున్నాయి, ఇరవయ్యేళ్ళ సాఫ్ట్‌వేరు అనుభవం ఉంది. ఓ పాత డెస్క్‌టాప్‌కి ర్యామ్ వెయ్యడం కూడా ఒక పనేనా అనుకున్నాం.

ఆ డెస్క్‌టాప్ ఒక కుటుంబం బడికి ఇచ్చింది. పిల్లలు దాని మీద తెలుగు టైపింగు నేర్చుకుంటున్నారు. ఉన్నది 4 జీబీ మెమొరీ. బ్రౌజరు తెరుచుకునేలోపు పిల్లలు క గుణింతం మొత్తం అప్పజెప్పేస్తున్నారు! బడి విరాళాల డబ్బుతో 16 జీబీ ర్యామ్ కొన్నాం. 2025 చివర్లో మెమొరీ ధరలు ఎలా ఎగిరాయో మీకు తెలుసు. చిప్పులన్నీ ఏఐ డేటా సెంటర్లకి తరలిపోవడమే ముఖ్య కారణం. ఆ డేటా సెంటర్లు మన ఆష్‌బర్న్‌లో ఎటు చూసినా కనిపిస్తాయి. మెమొరీ తయారుచేసే మైక్రాన్ ఫ్యాక్టరీ కూడా దగ్గర్లోనే, మనాస్సస్‌లో ఉంది. ఇరుగుపొరుగు కదా అని మనకేం తగ్గించి ఇవ్వరు లెండి.

ఆదివారం క్లాసయ్యాక కంప్యూటరు విప్పాం. పాత ర్యామూ కొత్తదీ ఒకే పొడుగు, రెండింటికీ 288 పిన్నులే. తీరా పెడితే కూర్చోదు. "గట్టిగా నొక్కండి అంకుల్" అన్నారు చుట్టూ మూగిన పిల్లలు. నొక్కాం కూడా. బోర్డు కాస్త వంగింది.

"ఆగండి బాబూ" అన్నారు వెనకనుంచి ఓ తాతగారు. మనవరాలిని తీసుకెళ్ళడానికి వచ్చారాయన. తెనాలిలో రేడియో రిపేరు షాపు నడిపారట. రెండు ర్యాములూ పక్కపక్కన పెట్టి గోటితో చూపించారు. "గాడి చూడండి. రెండింటికీ ఒకచోట లేదు."

పాతది డీడీఆర్4, మేము కొన్నది డీడీఆర్5. ఈ ప్రమాణాలు నిర్ణయించే జెడెక్ సంస్థ మన ఆర్లింగ్టన్‌లోనే ఉంది. ఆ గాడి జరిపింది కావాలనే. డీడీఆర్4 కి మదర్‌బోర్డే 1.2 వోల్టులు తయారుచేసి ఇస్తుంది. డీడీఆర్5 కి 5 వోల్టులు పంపిస్తే, తన మీదున్న చిన్న చిప్పుతో తనే 1.1 కి దించుకుంటుంది. ఒకదాని చోట ఇంకోటి బలవంతాన కూర్చుంటే ఏం కాలిపోయేదో!

"మరి పాతదీ కొత్తదీ ఎప్పటికీ కలవవా తాతయ్యా?" అంది మనవరాలు. ఆయన మా వైపు చూశారు. ఒకే తరంవైతే వేగం తేడా ఉన్నా చాలావరకు కలుస్తాయనీ, వేగమైనది నెమ్మదైనదాని వేగానికి తగ్గుతుందనీ చెప్పాం. తరం మారితే కుదరదు. ఇంటెల్ 2021లో తెచ్చిన 12వ తరం ప్రాసెసర్లకి డీడీఆర్4, డీడీఆర్5 రెండూ వచ్చు. అయినా బోర్డు మీద స్లాట్లు సాధారణంగా ఏదో ఒక రకానివే ఉంటాయి.

మీరూ కొనేముందు పాతదాని స్టిక్కరు చదవండి. పీసీ4 అని ఉంటే డీడీఆర్4, పీసీ5 అని ఉంటే డీడీఆర్5. మేము చదవలేదు.

కొత్తదాన్ని వెనక్కి పంపాం. తర్వాతి వారం ఒకరు గరాజ్‌లోని పాత కంప్యూటరు నుంచి 8 జీబీ డీడీఆర్4 తీసి తెచ్చారు. ఈసారి పెట్టింది మేము కాదు. తాతగారు గాడి చూపిస్తే మనవరాలు నొక్కింది. రెండు చివర్లా క్లిప్పులు టిక్కు టిక్కుమని పడ్డాయి. మేము టార్చిలైటు పట్టుకున్నాం.