తగినంత

వంటల పుస్తకాల్లో నన్ను నిద్రపోనివ్వని మాట ఒకటుంది. "తగినంత." ఉప్పు తగినంత, నూనె తగినంత, నీళ్లు తగినంత. తగినంత అంటే ఎంతో తెలిసినవాళ్లకి పుస్తకం అక్కర్లేదు, తెలియనివాళ్లకి పుస్తకం వల్ల లాభం లేదు! నవలలు రాసుకునేదాన్ని ఓ వారపత్రికకి వంటలు కూడా రాయడానికి ఒప్పుకున్నాక గానీ ఈ చిక్కు నాకు తెలిసిరాలేదు.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. నవలలు రాసే చెయ్యి వంటలు రాస్తే నామోషీ కాదని మాలతీ చందూర్ గారు ఏనాడో చూపించారు. 1992లో "హృదయనేత్రి" నవలకి సాహిత్య అకాడెమీ బహుమతి అందుకున్న ఆవిడే "వంటలు-పిండివంటలు" రాసింది కూడా. ఏ భిలాయికో, ఢిల్లీకో కాపరానికెళ్లి, చారు పెట్టడం ఎలాగో అమ్మకి ఉత్తరం రాసి జవాబు కోసం ఎదురుచూసే రోజుల్లో, అలాంటి పుస్తకం ఇంట్లో ఉంటే సగం పుట్టిల్లు ఉన్నట్టే కదూ!

మా అత్తగారిది అనకాపల్లి జిల్లా ఎస్. రాయవరం. 1862లో గురజాడ అప్పారావుగారు పుట్టిన ఊరు. దేశభక్తి గేయంలో కూడా ఆయన తిండి సంగతి మరిచిపోలేదని ఈవిడకి మహా గర్వం. అంకుడు కర్ర బొమ్మల ఏటికొప్పాక ఆ చుట్టుపక్కలదే. ఆ లక్కపిడతలతోనే మా ఆడపడుచుల వంట మొదలైందట. ఉప్పూ లేదు, నిప్పూ లేదు, అయినా అన్నం మాడ్చావంటే నువ్వు మాడ్చావని జుట్లు పట్టుకునేవారట!

పనసకాయల రోజుల్లో చెంచాలూ, నోటుబుక్కూ పట్టుకుని ఆవిడ వంటింట్లో చేరాను. చేతులకి నూనె రాసుకుని కాయ కొట్టారు. పొట్టు ఉడికించి, చింతపండు పులుసు పోసి, పోపు పెట్టారు. ఇక మిగిలింది ఆవ.

"ఆవ ఎప్పుడు కలపాలి అత్తయ్యా?"

"దించాక."

"దించాక ఎన్ని నిమిషాలకి?"

"కూర మీద చెయ్యి పెడితే 'అబ్బా' అనకూడదు, 'ఊఁ' అనాలి."

నవ్వొచ్చింది గానీ, అందులో శాస్త్రం ఉంది. ఆవ ఘాటు వేడికి ఓర్చుకోదు. పొయ్యి మీదుండగా కలిపితే ఆ ఘాటు కాస్తా చచ్చిపోతుంది.

ఆవముద్ద చెంచాతో కొలవబోయాను. ఆవిడ గిన్నె పక్కకి జరిపేశారు.

"అన్నీ రాసేసుకుంటే ఇంక నన్నెవరడుగుతారమ్మా?"

నాకు నోట మాట రాలేదు. పొలం అమ్మినప్పుడు ఆవిణ్ణెవరూ అడగలేదు. పిల్లల చదువులప్పుడూ అడగలేదు. కానీ ఎవరింట పెళ్లయినా, ఆవకాయ పాళ్లకీ, పనసపొట్టుకీ వీధి వీధంతా ఆవిడ గుమ్మంలోకి వచ్చేవారు. ఇప్పుడు పిల్లలు ఫోన్లో చూసుకుంటున్నారు. నేను చూస్తే ఆ మిగిలిన కాస్తా చెంచాల్లో కొలిచి పట్టుకుపోతానని కూర్చున్నాను.

"వద్దంటే మానేస్తాను అత్తయ్యా" అన్నాను. నిజంగానే అన్నాను.

ఆవిడ ఆవ కలిపి, చెయ్యి కడుక్కుని వచ్చారు. "రాయి. దూరాన ఉన్న పిల్లలు తినొద్దూ? కానీ ఆవ ఎంతో మాత్రం తగినంత అనే రాయి. అనుమానమొస్తే ఎస్. రాయవరం వచ్చి అడగమని కూడా రాయి."

రాశాను. పత్రికవాళ్లు "తగినంత" ఉంచి, ఆ చివరి వాక్యం కొట్టేశారు. అందుకే ఇక్కడ మళ్లీ రాస్తున్నాను. వచ్చేవాళ్లు మధ్యాహ్నం రండి, ఉదయమంతా ఆవిడకి తులసికోట దగ్గరే సరిపోతుంది.