బెల్టు తీసేస్తే బండి తేలికవుతుందా?

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్ళు కబురు పెట్టారు. మేం నలుగురం పెద్దాపురంలో ఒకే గదిలో ట్రంకుపెట్టెలు పక్కపక్కన పెట్టుకుని చదువుకున్నవాళ్ళం. కవితలు రాయడం మాకు రాదు. తెలిసిందల్లా బండి పని. అందుకే మా బండి కథే రాస్తున్నాం.

హాస్టల్ నుంచి బయటికి వచ్చాక మాలో ఇద్దరం డిప్లొమా, ఒకడు ఐ.టి.ఐ. చేశాం. నాలుగోవాడు ఇంటి పరిస్థితి వల్ల చదువు మానేసి డ్రైవింగ్ నేర్చుకున్నాడు. 2008లో తలా కొంత వేసుకుని ఒక పాత మారుతీ 800 కొన్నాం. కాకినాడలో స్పేర్ పార్టులు కొని, పెద్దాపురం చుట్టుపక్కల షెడ్లకు చేరవేయడం నాలుగోవాడి పని. పెట్రోలు పోను మిగిలిందే వాడి కూలి. కాబట్టి మైలేజీ అనేది మాకు సరదా విషయం కాదు, వాడి ఇంట్లో పొయ్యి వెలిగే విషయం.

మారుతీ 800 అమ్మకాలు 1983 డిసెంబరులో మొదలయ్యాయి, 2014 జనవరిలో తయారీ ఆగిపోయింది. బరువు సుమారు 650 కిలోలు. మూడు సిలిండర్ల 796 సి.సి. ఇంజిన్, శక్తి దాదాపు 37 హార్స్‌పవర్. ఇంజిన్ పుట్టించే శక్తంతా చక్రాలకు చేరదు. ఆల్టర్నేటర్, వాటర్ పంపు, ఏ.సి. కంప్రెసర్ బెల్టుల ద్వారా తమ వాటా ముందే లాక్కుంటాయి. దీన్ని మా పుస్తకాల్లో ‘పారసైటిక్ లాస్’ అన్నారు. పారసైట్ అంటే పరాన్నజీవి. దానికి సైన్సు పుస్తకంలో ఇచ్చిన ఉదాహరణ పేను. హాస్టల్ పిల్లలకు దాని గురించి వేరే చెప్పాలా!

నోటు పుస్తకంలో ఉజ్జాయింపుగా లెక్క వేశాం. ఇద్దరితో చదును రోడ్డు మీద గంటకు 50 కిలోమీటర్లు పోవడానికి ఇంత చిన్న కారుకు నాలుగు హార్స్‌పవర్ చాలు. ఏ.సి. వేస్తే అదొక్కటే ఇంకో రెండు అడగగలదు. రెండు హెడ్‌లైట్లు కలిపి 110 వాట్లు. ఆల్టర్నేటర్ తను తీసుకున్న దానిలో సగానికి కాస్త ఎక్కువే కరెంటుగా తిరిగి ఇస్తుంది కనుక, ఆ లైట్ల కోసం ఇంజిన్ 200 వాట్లు, అంటే పావు హార్స్‌పవర్, ఇవ్వాలి. పెద్ద లారీకి ఇది లెక్కలోకి రాదు. తేలిక బండికి మాత్రం వస్తుంది. డబ్బున్నవాడి జేబులోంచి పది రూపాయలు పడిపోవడం, మన కాస్మెటిక్ చార్జీల్లోంచి పది రూపాయలు పడిపోవడం ఒకటి కాదు కదా!

ఇక్కడే మాకు చదువుకున్నామన్న గర్వం వచ్చింది. రేసు బండ్లకు ఇలాంటివి పీకేస్తారని ఎక్కడో చదివి, ఒక రాత్రి ఆల్టర్నేటర్ బెల్టు తీసేశాం. బ్యాటరీ నిండుగా ఉంది, కాకినాడ వెళ్ళి రావడానికి సరిపోతుందనుకున్నాం. ఆ ఇంజిన్‌లో వాటర్ పంపును తిప్పేదీ ఆ బెల్టేనని తెలిసి కూడా, చల్లటి రాత్రి కదా, కొంచెం దూరానికి ఏమవుతుందిలే అనుకున్నాం. సామర్లకోట దాటకముందే టెంపరేచర్ ముల్లు ఎర్రగీత ఎక్కింది, బానెట్ కింద నుంచి ఆవిరి. హెడ్ గాస్కెట్ కాలిపోయింది.

వారం రోజులు బండి షెడ్డులో, నాలుగోవాడు ఇంట్లో. వాడు మమ్మల్ని ఒక్క మాట తిట్టలేదు. చివరికి మాత్రం, “ఒరేయ్, వంటమనిషిని తీసేస్తే మెస్సు ఖర్చు తగ్గుద్ది. అన్నం ఎవడు వండుతాడ్రా?” అన్నాడు. డిప్లొమాలో మాకు అర్థంకానిది ఆ మాటతో అర్థమైంది. వాటర్ పంపు పేను కాదు, వంటమనిషి. తగ్గించాల్సింది వాటి కూలి కాదు, దుబారా.

అప్పటి నుంచి పద్ధతిగా చేశాం. బెల్టులు వదులుచేసి ఒక్కొక్క పుల్లీని చేత్తో తిప్పి చూశాం. ఆల్టర్నేటర్ బేరింగు గరగరమంది, మార్చాం. బెల్టు మరీ బిగిస్తే బేరింగులు అరుగుతాయి, వదులైతే జారి వేడెక్కుతుంది. అందుకని కంపెనీ పుస్తకంలో చెప్పినంతే బిగించాం. బ్యాటరీ టెర్మినళ్ళు, ఎర్త్ వైర్లు శుభ్రం చేశాం. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న దుమ్ము, పురుగులు కడిగేశాం, ఎలక్ట్రిక్ ఫ్యాన్ తిరిగే సమయం తగ్గింది. బండి నీడన పెట్టడం, ముందు అద్దాలు దించి వేడిగాలి పోనిచ్చాకే ఏ.సి. వేయడం అలవాటు చేసుకున్నాం. ఏ.సి. ఆపితే కంప్రెసర్ క్లచ్ విడిపోతుంది, పుల్లీ ఒక్కటే ఊరికే తిరుగుతుంది.

ఒక్కో మార్పు చేశాక ట్యాంకు నిండా కొట్టించి, అదే రోడ్డులో అదే డ్రైవరుతో తిప్పి, మళ్ళీ నింపి లెక్క రాసుకున్నాం. అద్భుతమేమీ జరగలేదు. అన్నిటికంటే ఎక్కువ తేడా తెచ్చింది ఏ.సి. అలవాటు. కానీ నెలాఖరుకు మిగిలిన ఆ కొద్దిపాటి డబ్బు నాలుగోవాడి చేతిలో పడింది.

మేం మొరటుగా చేయబోయిన పనిని తరవాత పెద్ద కంపెనీలు తెలివిగా చేశాయి. 2009లో వచ్చిన మూడోతరం టొయోటా ప్రియస్‌లో వాటర్ పంపు, ఏ.సి. కంప్రెసర్ కూడా కరెంటుతోనే నడుస్తాయి, బెల్టే లేదు. వాళ్ళు కూడా పంపును తీసెయ్యలేదు చూశారా! అవసరమైనప్పుడు, అవసరమైనంతే తిరిగేలా చేశారు.

తమ్ముళ్ళూ, రేపు మీలో కొందరు ఇంజనీర్లవుతారు, కొందరు ఆఫీసర్లవుతారు. ఖర్చు తగ్గించమని ఎవరో మీ చేతికి కాగితం ఇస్తారు. దేన్నయినా కొట్టేసే ముందు అది ఏ పని చేస్తోందో ఒకసారి చేత్తో తిప్పి చూడండి. మా నాలుగోవాడు సగంలో చదువు ఆపినవాడే. మాకు ఆ పాఠం చెప్పింది వాడే.