అరకు ఘాటుదారియు మా కారు వణకును

విశాఖపట్టణమునుండి అరకులోయకు సుమారు 115 కిలోమీటర్లు. రైలుబండిలో పోవువారు సొరంగములను లెక్కించుకొనుచు పోవుదురు. బస్సులో పోవువారు మలుపులను లెక్కించుకొనుచు పోవుదురు. స్వంతబండిలో పోవువారు లెక్కలోనికి దీసికొనవలసినది వేరొకటి కలదు. అది బ్రేకుల బలము. సముద్రతీరమునుండి బయలుదేరిన బండి 900 మీటర్లకు పైబడిన యెత్తున నున్న లోయను జేరి, మరల నంత యెత్తును దిగి రావలెను గదా! ఎక్కునప్పుడు శ్రమ యింజనుది. దిగునప్పుడు బ్రేకు చెడెనా, ఇంజను ఎంత మంచిదైనను ప్రయోజనము లేదు.

మార్గశిరమాసమున ఈ దారి మిక్కిలి రమ్యముగా నుండును. పెందుర్తి దాటినది మొదలు కోతలైన వరిచేలు, కుప్పలు, తాటితోపులు కన్నులపండువు గావించును. కొత్తవలస, శృంగవరపుకోట దాటి బొడ్డవర చేరుసరికి ఎదుట నీలముగా కొండలు నిలుచును. మావారి పాఠశాలకు సెలవులు వచ్చినందున మేమును, మా యత్తగారును, పిల్లలిద్దరును మా చిన్నకారులో వేకువనే బయలుదేరితిమి. అంతకు రెండుదినములు ముందే పట్టణములో నొక మెకానిక్కు షెడ్డులో ముందు చక్రములకు బ్రేకు డిస్కులు, ప్యాడ్లు క్రొత్తవి వేయించి యుంటిమి.

కొత్తవలస దాటినపిదప గొర్రెలమంద యొకటి యడ్డురాగా మావారు బ్రేకు నొక్కిరి. వెంటనే స్టీరింగు చక్రము వారిచేతులలో గడగడ వణకెను. మరల రెండుమారులు నొక్కి చూచిరి, రెండుమారులును వణకెను. షెడ్డునకు వెళ్లకముందు ఈ వణకు లేదు. ఫోను చేయగా షెడ్డువారు, “కొత్త సామాను సార్, కొన్నాళ్లు తిరిగితే అదే సర్దుకుంటుంది” అనిరి. మా యత్తగారు, “కొండ మొదటికి వచ్చి వెనక్కి పోతామా, నాయనా?” అనిరి. పిల్లల ముఖములు చిన్నవైనవి.

షెడ్డువారి మాటలో సగము నిజము లేకపోలేదు. క్రొత్త ప్యాడ్లు డిస్కునకు కుదురుకొనుటకు కొంతకాలము పట్టును. అంతవరకు బ్రేకు కొంచెము మెత్తగా పట్టవచ్చును, సన్నని చప్పుడును రావచ్చును. కాని స్టీరింగు వణకుట కుదురుకొనుటకు లక్షణము కాదు. ఏదియో వంకరగా దిరుగుచున్నదని దాని యర్థము. నలమహారాజు బాహుకుడై ఋతుపర్ణుని రథము దోలినప్పుడు గుఱ్ఱముల హృదయ మెఱిగి తోలెనని భారతము చదివినవారందఱును ఎఱుగుదురు. ఇనుపగుఱ్ఱమునకును హృదయము కలదు. అడుగవలసిన ప్రశ్న లడిగినచో అదియును సమాధానము చెప్పును.

మేము మావారితో నాలోచించి, శృంగవరపుకోట చేరులోపల చదునైన దారిలోనే ఆ ప్రశ్నల నడిగి చూచితిమి. మొదటిది, బ్రేకు నొక్కకున్నను వణకునా? వణకినచో దోషము టైరునందో, చక్రపు తూకమునందో యుండును. మాకు బ్రేకు నొక్కినప్పుడే వణకెను. రెండవది, వణకు ఎచట దెలియును? స్టీరింగునందైన ముందుచక్రములు, సీట్లయందును నడుమునందును నైన వెనుకచక్రములు కారణమని తలపవచ్చును. వెనుక గూర్చున్న మా యత్తగారికి ఏమియు దెలియలేదు. మావారి చేతులు మాత్రము అదరుచుండెను. మూడవది, వేగముతోపాటు వణకు మారునా? మాకు 60 కిలోమీటర్ల వేగమున చిటచిట వేగముగను, 30కి దిగుసరికి నెమ్మదిగను వణకెను. అనగా చక్రము తిరుగు తిరుగునకు ఒక్కొక్కమారు పట్టు మారుచున్నదన్నమాట. నాలుగవది, తడిదారిలో గట్టిగా నొక్కినప్పుడే పెడలు టకటక కొట్టుచున్నదా? అట్లయిన అది చక్రములు జారకుండ గాపాడు ఏబీయస్ యంత్రపు పని, దోషము కాదు. మాది పొడిదారి, మెల్లని యొత్తిడి.

శృంగవరపుకోటలో దారిప్రక్కనే యొక మేస్త్రీ దొరకెను. మేము చెప్పినదంతయు ఓపికతో విని, తాను స్వయముగా బండి నొకపరి త్రోలి చూచెను. ఎవరును లేనిచోట మెల్లగా బోవుచు హ్యాండుబ్రేకు మీట నెత్తి, వెనుకచక్రములు బాగుగనే యున్నవని చెప్పెను. హ్యాండుబ్రేకు సామాన్యముగా వెనుకచక్రములనే పట్టునది గనుక ఈ పరీక్ష పనికి వచ్చును. అయిన నిది పని తెలిసినవారు చేయవలసినదే గాని, పిల్లల నెక్కించుకొని మనము చేయదగినది కాదు.

పిదప ముందుచక్రములు విప్పెను. ఎడమచక్రపు నట్లలో రెండు మిక్కిలి బిగువుగను, రెండు వదులుగను నుండెను. చక్రము తీసి, నట్లతో డిస్కును మరల బిగించి, ఒక ఇనుపచువ్వను కదలకుండ నిలిపి, దాని మొనను డిస్కు ప్రక్కన వెండ్రుకవాసి యెడముగా నుంచి, డిస్కును చేతితో ద్రిప్పెను. ఒకవైపున మొన తగులుచు, ఎదుటివైపున సందు కనబడుచు వచ్చెను. “చూశారా అమ్మగారూ, డిస్కు ఊగుతోంది. డిస్కు తప్పు కాదు, కింద చూడాలి” అనెను. డిస్కు నూడదీయగా దాని వెనుక హబ్బుమీద తుప్పు పెళ్లలుగా గట్టియుండెను. పీటక్రింద రాయి యున్నచో పీట యెంత క్రొత్తదైన నేమి, కదలకమానునా? పెద్దషెడ్లలో ఈ యూగును డయలుగేజితో గొలుతురు. అనేకములైన కార్లకు మిల్లీమీటరులో ఇరువదవవంతు, అనగా 0.05 మిల్లీమీటర్లకు మించిన యూగు ఉండరాదందురు. అంత సన్నని పెళ్లయే ఇంత యలజడి కలిగించును!

మేస్త్రీ తీగబ్రష్షుతో రెండువైపుల హబ్బులను తళతళ మెఱయునట్లు రుద్దెను. ప్యాడ్లను బట్టియుండు కాలిపరు జారుకమ్ములు స్వేచ్ఛగా కదలుచున్నవో లేదో చూచెను. తరువాత నట్లను వరుసగాగాక, ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగించి, తుదకు టార్కురెంచితో అన్నిటిని సమానముగా జేసెను. వణకు పూర్తిగా మానెను. “ఇలాగే కొన్ని వేల కిలోమీటర్లు తిరిగితే డిస్కు ఒకచోట ఎక్కువ అరిగిపోయేది. అప్పుడు శుభ్రం చేసినా పోదు, కొత్తది వేయాల్సిందే” అని చెప్పి, పనికి 400 రూపాయలు మాత్రము పుచ్చుకొనెను. ఇంకొక వందకిలోమీటర్లు తిరిగినపిదప నట్ల బిగువు మరల చూపించుకొనుడని గూడ హెచ్చరించెను.

అటుపిమ్మట ఘాటు నెక్కితిమి. తైడ, అనంతగిరి దారిలో వెండియోకుచెట్ల నీడను కాఫీతోటలును, ఆ చెట్లనే యల్లుకొనిన మిరియపుతీగెలును కనులకు జల్లన. ఇచటి అరబికా కాఫీకి 2019లో భౌగోళికగుర్తింపు లభించినది. బొఱ్ఱాగుహలలో సున్నపురాతినుండి బొట్టుబొట్టుగా దిగిన నీరు యుగములపాటు చెక్కిన శిల్పములను జూచి మా యత్తగారు చేతులు జోడించిరి. భీమునిపట్టణమునొద్ద సముద్రమున గలియు గోస్థనీనది జన్మించినది ఈ కొండలలోనే. అరకు చేరుసరికి వలిసెచేలు పసుపుచీర పఱచినట్లు పూచియుండెను. పిల్లల యానందమునకు మేర లేదు.

మరునాడు దిగునప్పుడే అసలైన పరీక్ష. ఏ గేరులో ఎక్కితిమో ఆ గేరులోనే దిగుట పెద్దలు చెప్పిన నీతి. ఇంజనే బండిని వెనుకకు లాగుచుండును. బ్రేకునకు శ్రమ తగ్గును. బండిని న్యూట్రలులో వదలుటగాని, పెడలుమీద కాలు నిరంతరము మోపియుంచుటగాని కూడదు. డిస్కులు కాగి, ఆ వేడి బ్రేకునూనెకు సోకును. డాట్ 3 అను రకపు క్రొత్తనూనె మరుగుటకు కనీసము 205 డిగ్రీలు కావలెను. తేమ పీల్చిన పాతనూనెకు 140 డిగ్రీలే చాలవచ్చును. నూనె మరిగినచో పెడలు మెత్తబడి నేలకు దిగిపోవును. అందుచే మేము అనంతగిరియొద్ద కొంతసేపు ఆగి, కాఫీ త్రాగి, చక్రములను చల్లారనిచ్చితిమి. కాగిన డిస్కులపై నీళ్లు చల్లరాదు, చేయి పెట్టరాదు. దగ్గరకు బోయినప్పుడు ఒక చక్రముమాత్రమే మిక్కిలి సెగలు గ్రక్కుచున్నయెడల అచట బ్రేకు విడువక పట్టుచున్నదని యెఱుగవలెను.

సోదరీమణులారా! బండి త్రోలువారు ఎవరైనను, అందు గూర్చుండి ప్రాణములప్పగించువారము మనమును మన బిడ్డలును. కావున షెడ్డునుండి బండి యింటికి వచ్చిననాడు రెండు మాటలడుగుడు: హబ్బు శుభ్రము చేసిరా? నట్లు టార్కురెంచితో బిగించిరా? పిదప నొక పది కిలోమీటర్లు చదునైన దారిలో తిప్పి, వణకు లేదని నిశ్చయించుకొనియే కొండదారి పట్టుడు. క్రొత్తగా గలిగిన వణకును క్రొత్తసామాను స్వభావమని యెవరు చెప్పినను నమ్మకుడు. అరకులోని వలిసెపూలు మరుసటి యేడును పూచును. వానిని జూచుటకు మనవారందఱును క్షేమముగా నుండవలెను.